కట్టిన మనిషి పేరెక్కడ? తెలంగాణ రెరాకు, పురపాలక శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రియల్ ఎస్టేట్ నియంత్రణ ప్రాధికార సంస్థ (రెరా) ఛైర్మన్ గారికి, సభ్యులకు, రాష్ట్ర పురపాలక శాఖ ఉన్నతాధికారులకు నమస్కారాలు.

హైదరాబాద్ శివార్లలో కొత్తగా కట్టిన ఇల్లు కొనబోయే కుటుంబానికి ఏ బిల్డర్‌ను నమ్మాలో తేల్చుకునే దారి ఇవాళ లేదు. ఆ దారి వేసే అధికారం మీకుంది. చట్టంలోనూ అందుకు చోటుంది. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

అపార్ట్‌మెంట్ల సంగతి, గేటెడ్ కమ్యూనిటీల సంగతి ఇక్కడ పక్కన పెడతాను. వాటికి రెరా నంబరు ఉంటుంది, మీ వెబ్‌సైట్‌లో ఒక పేజీ ఉంటుంది, మాట తప్పితే అడగడానికి ఒక చోటు ఉంటుంది. నేను మాట్లాడేది 120, 150, మహా అయితే 200 గజాల్లో కట్టి అమ్మే ఇండిపెండెంట్ ఇళ్ల గురించి. బోడుప్పల్, పీర్జాదిగూడ, నారపల్లి, ఘట్‌కేసర్, రాంపల్లి, నాగారం, దమ్మాయిగూడ, తుర్కయంజాల్, బడంగ్‌పేట, బీరంగూడ, అమీన్‌పూర్... ఏ దిక్కుకు వెళ్లినా వీధి వీధికీ ఇవే. గేటుకు మామిడాకులు, గోడకు 'ఫర్ సేల్' బోర్డు, బోర్డు మీద ఒక ఫోన్ నంబరు. ఆ నంబరు మధ్యవర్తిది. కట్టిన మనిషి పేరు బోర్డు మీద ఉండదు.

ఈ ఇళ్లు కొనేవాళ్లు ఎవరో మీకు తెలియనిది కాదు. రిటైరైన డబ్బంతా పోగేసుకున్న ఆర్టీసీ ఉద్యోగి, భార్యాభర్తలిద్దరూ టీచర్లయిన కుటుంబం, గల్ఫ్‌లో ఏళ్ల తరబడి చాకిరీ చేసి తిరిగొచ్చిన జగిత్యాల మనిషి, ఊళ్లో పొలం అమ్మి పిల్లల చదువుల కోసం సిటీకి వచ్చిన రైతు. ఇంట్లో ఇక ముందెప్పుడూ ఇంత పెద్ద మొత్తం చేతులు మారదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే ఇంటి రుణానికి బ్యాంకు ఇచ్చేది ఇంటి విలువలో 80 శాతం మించదు. అంటే 90 లక్షల ఇల్లు కొనాలంటే కనీసం 18 లక్షలు సొంత డబ్బు తీయాలి. అందులో బంగారం తాకట్టూ ఉంటుంది, బావమరిది దగ్గర చేబదులూ ఉంటుంది.

నేను సివిల్ ఇంజినీర్‌ని. ఉద్యోగ జీవితమంతా సైట్లలోనే గడిచింది. ఇప్పుడు ఇంటిపట్టునే ఉన్నాను కాబట్టి, టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు మా కాలనీవాళ్లు, చుట్టాలు, వాళ్ల స్నేహితులు "ఒక్కసారి వచ్చి చూడండి అంకుల్, మీరు చూస్తే మాకు ధైర్యం" అని పిలుస్తారు. వెళ్తాను. కానీ పూర్తయిన ఇంట్లో నేను చూడగలిగింది ఎంత? పునాది మట్టి కింద ఉంటుంది. సలాకలు కాంక్రీట్ లోపల ఉంటాయి. పైపులు టైల్స్ వెనక ఉంటాయి. రంగులు వేశాక ఇల్లు ఏ ఇంజినీర్‌కైనా సగమే కనిపిస్తుంది. కనిపించని ఆ సగం ఎలా ఉందో చెప్పగలిగేది కట్టినవాడి చరిత్ర ఒక్కటే. ఆ చరిత్ర మన రాష్ట్రంలో ఎక్కడా రాసి లేదు.

మొన్న వానాకాలంలో చూసిన ఒక ఇంటి గురించి చెబుతాను. తూర్పు ముఖం, 150 గజాలు, జీ ప్లస్ వన్. హాల్లో ఫాల్స్ సీలింగ్ తళతళలాడుతోంది. కొనదలచుకున్న అమ్మాయికి వంటగది చూడగానే నచ్చేసింది. ఫాల్స్ సీలింగ్‌లో బిగించిన స్పాట్ లైటు ఒకదాన్ని మెల్లగా కిందికి లాగాను. అరచేయి పట్టేంత కంత. అందులోంచి ఫోన్ టార్చి వేసి పైకి చూస్తే స్లాబు అడుగు కనిపించింది. కంకర రాళ్లు సిమెంటు అంటకుండా బోడిగా బయటికి వచ్చి ఉన్నాయి. వాటి మధ్య రెండు సలాకలు పొడవునా కనిపిస్తున్నాయి, అప్పటికే తుప్పు ఎక్కింది. సలాకలను అడుగు నుంచి ఎత్తి ఉంచడానికి కింద పెట్టాల్సిన చిన్న దిమ్మెలు, కవర్ బ్లాకులు, పెట్టలేదు. కాంక్రీట్ పోసేటప్పుడు అది గట్టిగా సర్దుకునేలా వైబ్రేటర్ సరిగ్గా తిప్పలేదు. స్లాబులో సలాక కింద సాధారణంగా 20 మిల్లీమీటర్ల కాంక్రీట్ ఉండాలని కాంక్రీట్ పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 కోడ్ చెబుతుంది. అక్కడ అసలు లేదు. లప్పం పెట్టినా ఆగదనుకున్నారేమో, జిప్సం బోర్డు కట్టి దీపాలు పెట్టేశారు.

అమ్మే ఆయన నొచ్చుకున్నాడు. "సార్, నేను ఇప్పటిదాకా మస్తు ఇళ్లు కట్టిన, ఒక్క కంప్లైంట్ లేదు" అన్నాడు. అవెక్కడున్నాయో చెప్పండి, వెళ్లి చూసొస్తాం అన్నాను. "అవన్నీ ఇప్పుడెందుకు సార్, ఇల్లు మీ కళ్ల ముందరే ఉంది కదా" అన్నాడు. ఆయన మాట నిజమే కావచ్చు. కాకపోనూ వచ్చు. తేల్చుకోవడానికి నాకు గానీ, ఆ అమ్మాయికి గానీ ఒక్క కాగితం కూడా దొరకదు.

కాగితాలు లేవని కాదు, కట్టలు కట్టలు ఇస్తారు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్, పర్మిషన్ కాపీ, ప్లాను, ఇంటి పన్ను రసీదు. అన్నీ చదివితే ఆ నేల ఎవరి తాత నుంచి ఎవరికి వచ్చిందో తెలుస్తుంది. ఇల్లు ఎవరు కట్టారో మాత్రం తెలియదు. పర్మిషన్ ప్లాటు యజమాని పేరు మీద ఉంటుంది. సేల్ డీడ్‌లో సంతకం కూడా ఆయనదే. డబ్బు పెట్టి, మేస్త్రీని మాట్లాడి, సిమెంటు తెప్పించి, బేరమాడి అమ్మిన అసలు మనిషి ఆ యజమానికీ కొనేవాడికీ మధ్య ఎక్కడో ఉంటాడు. ఒక ఇల్లు భార్య పేరు మీద, ఇంకోటి బామ్మర్ది పేరు మీద, మరోటి పెట్టుబడి పెట్టిన స్నేహితుడి పేరు మీద. వీధిలో వరసగా ఐదిళ్లు ఒక్కరే కట్టినా, రికార్డుల్లో ఐదుగురు వేర్వేరు యజమానులు కనిపిస్తారు. రోడ్డు మీద తిరిగే ఆటోకు నంబరుంది, నడిపేవాడికి లైసెన్సు ఉంది, ఏదైనా జరిగితే పట్టుకునే వీలుంది. మనిషి జీవితకాలం సంపాదన పెట్టి కొనే ఇంటిని కట్టినవాడికి ఏ నంబరూ లేదు.

నేల విషయంలో ఈ మధ్య పరిస్థితి మెరుగుపడింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2024 జులైలో చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడి, ఆ సెప్టెంబరులో మల్లంపేట కత్వ చెరువు పరిధిలో విల్లాలు కూల్చాక ఇల్లు కొనే ప్రతివాళ్లూ ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు చేరే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన నేల) గురించి అడుగుతున్నారు. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) పెట్టిన చెరువుల మ్యాపులు తెరిచి చూసుకుంటున్నారు. నిషేధిత భూముల జాబితా చూసుకుంటున్నారు. ప్రభుత్వం సమాచారం బయట పెడితే జనం వాడుకుంటారనడానికి ఇదే సాక్ష్యం. బిల్డర్ విషయంలో ఆపాటి సమాచారం కూడా మేం అడగకూడదా?

ఇది ఎందుకిలా ఉందో చూస్తే రెండు చట్టాల మధ్య ఉన్న ఖాళీ కనిపిస్తుంది. 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టే వాటికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మన లెక్కలో అది దాదాపు 598 గజాలు. ఇక 2020లో రాష్ట్రం తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టంలో 500 చదరపు మీటర్ల వరకు స్థలం, 10 మీటర్ల వరకు ఎత్తు ఉన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి వచ్చింది. సొంతిల్లు కట్టుకునే సామాన్యుడు మున్సిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగకూడదన్నది ఆ చట్టం ఉద్దేశం. మంచి ఉద్దేశమే. తన ఇల్లు తాను కట్టుకునేవాడు తనను తాను మోసం చేసుకోడు కాబట్టి అతని మాట నమ్మవచ్చు. కానీ అమ్మకానికి కట్టేవాడు కూడా అదే దారిలో వెళ్తున్నాడు. రెరా అడగదు, ఎందుకంటే స్థలం చిన్నది. మున్సిపాలిటీ ముందుగా చూడదు, ఎందుకంటే స్థలం చిన్నది. రెండు చట్టాలూ ఒకే 500 మీటర్ల దగ్గర గీత గీశాయి, ఆ గీత కిందే శివారు ఇళ్లన్నీ ఉన్నాయి. చట్టం కేంద్రానిది కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లోనూ రెరా గీత ఇదే. విజయవాడ చుట్టుపక్కల, మధురవాడ వైపు కొనేవాళ్లదీ ఇదే బాధ.

స్వీయ ధ్రువీకరణ తప్పని తేలితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా టీఎస్-బీపాస్ చట్టం ఇచ్చింది. కానీ ఆ శిక్ష ఎవరికి పడుతుందో ఆలోచించండి. జీ ప్లస్ వన్ అనుమతితో పైన ఇంకో అంతస్తు వేసి, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) మింగేసి అమ్మినవాడు ఆ పాటికి నాలుగు వీధుల అవతల ఇంకో ఇంటికి ముగ్గు పోస్తుంటాడు. కూలితే కొన్నవాడి గోడ కూలుతుంది.

ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించుకునేటప్పుడు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కడుతున్నాం. 90 లక్షలకు అది 6 లక్షల 75 వేలు. ఇంత కట్టించుకుని ఇచ్చే దస్తావేజులో నాలుగు హద్దులూ రాస్తారు, సాక్షుల వివరాలు రాస్తారు, మా వేలిముద్రలు తీసుకుంటారు. ఈ ఇల్లు కట్టింది ఫలానావారు అన్న ఒక్క వాక్యం రాయరు.

"బ్యాంకు లోన్ వచ్చిందంటే అంతా క్లియర్" అని మధ్యవర్తులు చెబుతుంటారు, పాపం చాలామంది నమ్ముతారు. బ్యాంకు లాయరు టైటిల్ చూస్తాడు. బ్యాంకు వాల్యుయర్ ఇల్లు ఎంత చేస్తుందో, ప్లానుకు సరిపోయిందో చూస్తాడు. బాత్రూం కింద నీళ్లు కారతాయా అన్నది ఆయన పని కాదు, ఆ ఫీజుకు ఆయన అంతకంటే చూడలేడు కూడా.

అసలు కష్టం రెండో వానాకాలంలో మొదలవుతుంది. బెడ్‌రూంలో వార్డ్‌రోబ్ వెనక చెమ్మ పడుతుంది. ముందు బట్టలకు ముక్కిన వాసన వస్తుంది, ఆ తర్వాత ప్లైవుడ్ ఉబ్బుతుంది. గోడకు అవతల ఏముందని చూస్తే బాత్రూం. బాత్రూం కోసం కిందికి దించి పోసే సంకెన్ స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు నింపి రెండు రోజులు నిలబెట్టి చూడాల్సింది, చూడలేదు. లేదా పిట్టగోడ, స్లాబు కలిసేచోట పగులు. లేదా సెంట్రింగ్ తొందరగా ఊడదీయడం వల్ల స్లాబు కాస్త కుంగి, కింద గోడకు నెర్రెలు. చిన్న స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబుకు కూడా సపోర్టులు కనీసం వారం ఉంచాలి, నాలుగున్నర మీటర్లు దాటితే రెండు వారాలు. ఇప్పుడు వాడే పీపీసీ సిమెంటుకు క్యూరింగ్ (నీళ్లతో తడిపి ఉంచడం) పది రోజులైనా చేయాలి. సెంట్రింగ్ సామాను అద్దె రోజుకింత అని పెరుగుతూ ఉంటుంది, పక్క సైటులో మేస్త్రీ ఎదురుచూస్తుంటాడు. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లకు డబ్బులవుతాయి. ఆ కొద్దిపాటి ఖర్చు మిగుల్చుకున్న పాపం ఇరవై ఏళ్ల ఈఎంఐ కట్టేవాడి నెత్తిన పడుతుంది.

అప్పుడు ఫోన్ చేస్తారు. మొదట్లో "మనిషిని పంపిస్తా అన్నా" అంటాడు. తర్వాత ఎత్తడు. ఆ తర్వాత నంబరు పనిచేయదు.

రెరా పరిధిలో ఉన్న ఇల్లయితే సెక్షన్ 14 అండగా ఉంటుంది. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలో లోపం గానీ బయటపడితే బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. 500 మీటర్ల గీత కింద ఉన్నవాళ్లకు మిగిలేది వినియోగదారుల కమిషన్. అక్కడ ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటితే జిల్లా కమిషన్‌కు పనికిరాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. సరే వెళ్దామన్నా, ఎవరి మీద వేయాలి? దస్తావేజులో సంతకం పెట్టిన ప్లాటు యజమాని "నాకేం తెలుసండీ, నేను స్థలం ఇచ్చానంతే" అంటాడు. కట్టినవాడికీ ఈ ఇంటికీ సంబంధం ఉందని రుజువు చేయడమే ఒక కేసు అవుతుంది. అడ్వాన్సులో కొంత నగదుగా ఇచ్చినవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ఇచ్చామని కూడా చెప్పుకోలేరు.

బిల్డర్లందరూ ఇలాంటివాళ్లేనని నేను అనను. నారపల్లి వైపు ఒకాయన ఉన్నాడు. ఏడాదికి రెండు మూడిళ్లకు మించి కట్టడు. ఇల్లు చూడటానికి వెళ్తే ముందు కుర్చీ వేసి ఒక ఫైలు చేతిలో పెడతాడు. ఫుటింగ్ గుంతలో టేపు పెట్టి తీసిన ఫోటో, ప్లింత్ బీమ్ ఫోటో, స్లాబు పోసే ముందు సలాకలు కట్టిన ఫోటో, గోడల్లో పైపులు, కరెంటు కండ్యూట్లు ఎక్కడెక్కడ పోతున్నాయో గీసిన కాగితం. రేపు మేకు కొట్టాలంటే ఎక్కడ కొట్టకూడదో తెలియాలి కదా అంటాడు. అంతకుముందు కట్టిన ఇళ్ల చిరునామాలు తనే ఇస్తాడు, నేను లేకుండా వెళ్లి అడగండి అంటాడు. అలాంటి మనిషి ఇల్లు పక్కింటికంటే ఐదారు లక్షలు ఎక్కువ పడుతుంది. కొనేవాళ్లకు ఆ ఐదారు లక్షలు ఎందుకో కనిపించదు. గ్రానైట్ మెట్లు, ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ కనిపిస్తాయి. అందుకే ఆయన ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటుంది, పక్కది గృహప్రవేశం అయిపోతుంది. మంచి పేరు రికార్డుకు ఎక్కే పద్ధతి లేకపోతే ముందు నష్టపోయేది మంచివాడే. ఇంకో రెండు మూడేళ్లు ఇలాగే సాగితే ఆయన కూడా కవర్ బ్లాకులు ఎందుకులే అనుకుంటాడేమోనని నాకు భయం.

ఇక నేను మిమ్మల్ని అడిగేది.

సెక్షన్ 3లోనే ఒక వెసులుబాటు ఉంది. అవసరమనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం ఆ 500 చదరపు మీటర్ల పరిమితిని తగ్గించవచ్చు. పార్లమెంటు దాకా పోనక్కరలేదు. కొనుగోలుదారుల ప్రయోజనాల కోసం ప్రభుత్వానికి సిఫార్సులు చేసే బాధ్యత సెక్షన్ 32 మీకు అప్పగించింది, ప్రాజెక్టులకూ ప్రమోటర్లకూ (కట్టి అమ్మేవాళ్లకూ) గ్రేడింగ్ ఇచ్చే చర్యలను ప్రోత్సహించాలని కూడా అందులోనే రాసి ఉంది. రెరా ఛైర్మన్ గారూ, ఆ సిఫార్సు మీరు చేయండి. అమ్మకానికి కట్టే ఇళ్లను రెరా పరిధిలోకి తీసుకురండి. సొంతానికి కట్టుకునేవాళ్లను ముట్టుకోవద్దు.

150 గజాల ఒక్క ఇంటికి రెరా నిబంధనలన్నీ, వసూళ్లలో 70 శాతం విడి ఖాతా, మూడు నెలలకోసారి నివేదిక, ఇవన్నీ పెడితే చిన్న బిల్డర్ మోయలేడన్న వాదన వస్తుంది. అందులో న్యాయం ఉంది. పైగా ఆ ఇళ్లు చాలావరకు పూర్తయ్యాకే అమ్ముడవుతాయి కాబట్టి విడి ఖాతాతో కొనేవాడికి పెద్దగా ఒరిగేదీ లేదు. ఒక్కొక్క ఇల్లు కట్టేవాడికి ఆ భారం వద్దు. అతనికి ఒక గుర్తింపు నంబరు ఇవ్వండి చాలు. కానీ పక్కపక్క ప్లాట్లు తీసుకుని వరసగా కట్టేవాడి సంగతి వేరు. 150 గజాల ప్లాట్లు నాలుగు కలిస్తే 600 గజాలు, అంటే 500 చదరపు మీటర్లు దాటినట్టే. అన్ని దశలనూ కలిపి లెక్కించాలని చట్టమే చెబుతోంది. నాలుగు పేర్ల మీద నాలుగు అనుమతులు తీసుకున్నంత మాత్రాన, ఒకే గోడ పంచుకుని ఒకే రంగు వేసుకున్న నాలుగిళ్లు నాలుగు ప్రాజెక్టులు అయిపోతాయా? అలాంటి వరసల మీద మీ అంతట మీరే విచారణ మొదలుపెట్టవచ్చు.

పురపాలక శాఖ వారిని అడిగేది ఇంకా తేలిక. ఇంటి అనుమతి దరఖాస్తులో ఒక్క ప్రశ్న చేర్చండి: ఈ ఇల్లు ఉండటానికా, అమ్మడానికా? అమ్మడానికైతే కట్టే మనిషి పేరు, ఫోటో, పాన్, గుర్తింపు నంబరు తీసుకోండి. ఆ నంబరు సైటు ముందు బోర్డు మీద పెట్టించండి. ప్లాను మీద సంతకం చేసిన ఇంజినీర్ సైటుకు వచ్చాడో లేదో తెలియడానికి, పునాది, ప్లింత్, స్లాబు సలాకలు కట్టిన దశల్లో అతను నిలబడి తీసిన ఫోటోలు అప్‌లోడ్ చేయించండి. ఇదేమీ కొత్త పని కాదు. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో పేదవాడికి ఇచ్చే 5 లక్షలను దశలవారీగా, ఫోటోలు తీయించి మరీ విడుదల చేస్తున్నారు. పునాది అయిందని ఫోటో చూపిస్తే గానీ మొదటి డబ్బు పడదు. 5 లక్షలకు అంత జాగ్రత్త పడుతున్న ప్రభుత్వం 90 లక్షల ఇంటికి ఒక్క ఫోటో కూడా అడగడం లేదు. ఫోటోలు ఎక్కించే యాప్ ఉంది, ఆ పద్ధతి తెలిసిన సిబ్బందీ ఉన్నారు.

ఇక ఆ నంబరు కొడితే జనానికి ఏం కనిపించాలన్నది రెరా చట్టమే నేర్పుతోంది. సెక్షన్ 4 ప్రకారం రిజిస్టరయ్యే ప్రమోటర్ గత ఐదేళ్లలో చేపట్టిన ప్రాజెక్టులు, వాటి పరిస్థితి, జాప్యాలు, నడుస్తున్న కేసులు చెప్పాలి. సెక్షన్ 34 ప్రకారం శిక్షపడిన ప్రమోటర్ల పేర్లు ఫోటోలతో సహా మీరు వెబ్‌సైట్‌లో పెట్టాలి. అదే పద్ధతిని చిన్న బిల్డర్లకూ తెండి. ఎవరు ఎక్కడ ఎన్ని ఇళ్లు కట్టారు, వేటికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో ఉండొచ్చన్న అనుమతి పత్రం) వచ్చింది, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని బాగుచేశారు అన్నది అందరికీ కనిపించాలి. ఎవరో గిట్టనివాడు పెట్టిన ఫిర్యాదు వెంటనే బయట పెట్టమనడం లేదు. రెండు వైపులా విని, ఇంజినీర్‌తో చూపించి, లోపం నిజమని తేలాకే పెట్టండి. బాగుచేసిన బిల్డర్‌కు ఆ మాట కూడా పక్కనే రాయండి, అది అతని గౌరవం.

చివరిగా రిజిస్ట్రేషన్ల శాఖతో మాట్లాడి, కొత్త ఇంటి మొదటి అమ్మకం దస్తావేజులో కట్టినవారి నంబరు, ఐదేళ్ల పూచీ తప్పనిసరి చేయించండి. కట్టినవాడు కూడా ఒక పార్టీగా సంతకం పెట్టాలి. ఒక్క పేరా చేర్చడమే. ఆ పేరా ఉంటే వార్డ్‌రోబ్ వెనక చెమ్మ చూసుకుని ఏడ్చే ఇల్లాలికి ఎవరి తలుపు తట్టాలో తెలుస్తుంది.

దీనివల్ల ఇళ్ల ధరలు పెరుగుతాయని కొందరంటారు. ఫోటోలకు, ఒక నంబరుకు అయ్యే ఖర్చు ఇంటి ముందు పెట్టే గ్రానైట్ ఖర్చులో ఏ మూలకూ రాదు. ఇంకో మాట, అధికారుల చేతికి ఇంకో ఆయుధం దొరికినట్టవుతుందని, ప్రతి దశకూ చేయి తడపాల్సి వస్తుందని. ఈ భయం నిజమైనది, కొట్టిపారేయను. అందుకే ఆఫీసులో ఆమోదం అనే మెట్టు పెట్టకండి. ఫోటో పెడితే ఎవరి సంతకం లేకుండానే జనానికి కనిపించాలి. పెట్టకపోతే పెట్టలేదని కనిపించాలి. అంతే చాలు, మిగతాది కొనేవాళ్లు చూసుకుంటారు.

ఇదంతా జరిగేలోపు కూడా జనం ఇళ్లు కొంటూనే ఉంటారు. నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఈ ఉత్తరం చదివే కుటుంబాలకు కూడా చెబుతాను. అమ్ముతున్న ఇల్లు గంటసేపు చూసి మురిసిపోకుండా, అదే మనిషి మూడు వానాకాలాల కిందట కట్టిన ఇంటికి వెళ్లండి. చిరునామా ఇవ్వనన్నవాడి దగ్గర కొనకండి. వెళ్లినప్పుడు ఇంట్లో ఉండే ఆడవాళ్లను అడగండి. ఏ పంపు కింద నీళ్లు నిలుస్తాయో, ఏ గోడ ఉబ్బిందో, ఫోన్ చేస్తే బిల్డర్ వచ్చాడో లేదో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కొనే ఇంట్లో బాత్రూం జాలీ మూసి నీళ్లు నింపి, మర్నాడు కింది గది సీలింగ్ చూడండి. టైల్స్ మీద నాణెంతో తట్టి చూడండి, బోలు శబ్దం వస్తే కింద గచ్చు సరిగా నిండలేదని. ఫాల్స్ సీలింగ్‌లో ఒక్క లైటు తీసి చూడనివ్వనంటే ఆ ఇల్లు వదిలేయండి. బేరం కుదిరాక, కట్టినవాడి సంతకంతో ఐదేళ్ల పూచీ అగ్రిమెంట్‌లో రాయించుకోండి. మొహమాటపడొద్దు. డబ్బు మీది.

అయితే అయ్యా, ఈ జాగ్రత్తలన్నీ ఒక ఇంజినీర్ తెలిసినవాళ్లకే సాధ్యం. తెలియనివాళ్లే ఎక్కువ. వాళ్లకు ఇంజినీర్ స్థానంలో నిలబడాల్సింది మీ వెబ్‌సైట్, మీ నంబరు.

రాష్ట్రమంతా ఒకేసారి మొదలుపెట్టనక్కరలేదు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా వరంగల్ హైవే వెంట ఉన్న కాలనీల్లో ముందు పెట్టి చూడండి. ఈ వైపు నాలాంటి రిటైరైన ఇంజినీర్లు చాలామంది ఉన్నాం. ఆర్ అండ్ బీలో, ఇరిగేషన్‌లో, పంచాయతీరాజ్‌లో పనిచేసి వచ్చినవాళ్లం. స్లాబు పోసే ముందు రోజు సాయంత్రం వెళ్లి సలాకలు, కవర్ బ్లాకులు చూసి ఒక ఫోటో తీసి పంపడానికి మాకు జీతం అక్కర్లేదు. మీరు పద్ధతి పెట్టి పిలిస్తే రేపే వస్తాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీర్
బోడుప్పల్, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా